‘డు’ని ‘ది’ చేసి చదివితే

తిరుపతి, ఆదివారం.

పొద్దున్నుంచి ముసురు. కపిలతీర్థంలో జలపాతం నిండుగా దూకుతోందని పక్కింటివాళ్లు గొడుగులేసుకుని చూడ్డానికి పోయారు. నేను చిత్తూరు నుంచి ఒక డిగ్రీ అమ్మాయి పంపిన కథ ముందేసుకుని కూచున్నా. ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమాలోని రామ్, భీమ్‌లను జంటగా పెట్టి రాసిన ఫ్యాన్ ఫిక్షన్, అంటే సినిమా పాత్రలతో అభిమానులు సొంతంగా అల్లుకునే కథ. కథలో దిద్దాల్సింది పెద్దగా లేదు. పనంతా కథ పైన పెట్టే హెడర్ దగ్గరే.

‘హెచ్చరికలు: కొరడా దెబ్బలు, చావు ప్రస్తావన, అబ్బాయి-అబ్బాయి ప్రేమ’ అని రాసింది. మూడింటినీ ఒకే గాటన కట్టేసింది. ఫోన్ చేసి అడిగితే, “చెప్పకపోతే తిడతారు గదక్కా” అంది. చెప్పాలి, నిజమే. ఏది ఎక్కడ చెప్పాలన్నదే అసలు సంగతి. హెచ్చరిక అనేది దెబ్బ తగిలే చోటు చూపించడానికి. ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారన్నది కథ గురించిన సమాచారం. ఆ రెంటినీ కలిపేస్తే, తనలాంటివాళ్ల కథ కోసం వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడికి తన ప్రేమ నెత్తురు పక్కన కనబడుతుంది. వాడికి అంతకంటే పెద్ద దెబ్బ కథ లోపల ఉండదు.

ఈ అలవాటు ఆ అమ్మాయితో మొదలైంది కాదు. 1970లలో స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్ అభిమానులు అందులోని కిర్క్, స్పాక్ పేర్ల మధ్య ఏటవాలు గీత పెట్టి జంటగా రాసేవాళ్లు. ‘స్లాష్’ అన్న పేరు ఆ గీతదే. సొంతంగా అచ్చేసుకున్న ఆ పత్రికల్ని కొనాలంటే పెద్దవాళ్లమేనని రాసివ్వాల్సి వచ్చేది. ఇంటర్నెట్ వచ్చాక కూడా ‘హెచ్చరిక: స్లాష్. నచ్చకపోతే చదవొద్దు’ అన్న వరుస ఏళ్ల తరబడి నడిచింది. 2002లో ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ అనే కథల సైటు పెద్దల రేటింగ్ కథలకు చోటు లేదంది. 2007లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు వందల ఖాతాలను ఒక్కసారిగా మూసేసింది. లైంగిక హింసకు గురైనవాళ్లు మాట్లాడుకునే ఖాతాలు కూడా అందులో కొట్టుకుపోయాయి. అదే ఏడాది అభిమానులే ఒక సంస్థ పెట్టుకున్నారు. వాళ్ల కథల సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, అంటే మనం ఏఓ3 అనేది, 2009 నవంబర్‌లో అందరికీ తెరుచుకుంది. అక్కడ ఎం/ఎం (మగ-మగ), ఎఫ్/ఎఫ్ (ఆడ-ఆడ) అన్నవి ఎఫ్/ఎం(ఆడ-మగ)తో పాటు ‘కేటగిరీ’ గడిలో ఉంటాయి. హెచ్చరికల గడి వేరు.

ఆ గడిలో పేరు పెట్టి చెప్పేవి నాలుగే: తీవ్రమైన హింస, ముఖ్య పాత్ర మరణం, బలాత్కారం, 18 ఏళ్లలోపు పాత్రల లైంగికత. వాటి పక్కనున్న మరో రెండు ఎంపికల దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. ‘నో వార్నింగ్స్ అప్లై’ అంటే ఆ నాలుగూ ఈ కథలో లేవని పాఠకుడికి మాట ఇచ్చినట్టు. ‘చూజ్ నాట్ టు యూజ్’ అంటే ఏదైనా ఉండొచ్చు, నేను చెప్పను, చూసుకుని రా అని. చాలామంది రెండోదాన్ని ‘చెప్పడానికేం లేదు’ అన్న అర్థంలో టిక్ పెడతారు. అలా పెట్టినప్పుడు హాయిగా సాగే కథని కూడా జాగ్రత్తపడే పాఠకులు దాటేసి పోతారు. ఒకటికి బదులు ఇంకోటి పెట్టడం అటునుంచి జరిగితే మరీ ప్రమాదం: లేదని మాటిచ్చి లోపల బలాత్కారం పెట్టినట్టు.

ఈ కథకు పెట్టాల్సింది ‘తీవ్రమైన హింస’. కొరడా దెబ్బల జ్ఞాపకం ఒకటిన్నర పేజీ ఉంది, చర్మం చిట్లడం దాకా రాసింది. ‘ముఖ్య పాత్ర మరణం’ మాత్రం అక్కర్లేదు. రామ్ తండ్రి చావు గతంలో జరిగింది, ఇక్కడ గుర్తుకొస్తుంది అంతే. కానీ పిల్లాడి కళ్లముందు తండ్రి పోవడం కొందరికి చదవలేనిది. దాన్ని అదనపు ట్యాగుల్లో, అంటే కథలో ఏముందో చెప్పే చిన్న చిన్న మాటల్లో, ఉన్నదున్నట్టు పెట్టించా. ‘చావు ప్రస్తావన’ అంటే ఎవరి చావు, ఎలాంటిది అన్నది తెలీదు. ‘సెన్సిటివ్ కంటెంట్’ అయితే మరీ దండగ. అలాగని ఎడాపెడా పెట్టకూడదు. అన్నీ కలిపి 75 ట్యాగులదాకా పెట్టనిస్తారు గానీ, ఫోన్‌లో చదివేవాళ్లు మొదటి ఏడెనిమిది చూసి వదిలేస్తారు. దెబ్బ తగిలేవి ముందు, ముచ్చట్లు వెనక.

రేటింగ్ దగ్గర ఇంకో తేడా దొరికింది. ‘మెచ్యూర్’ (పెద్దలకు) పెట్టింది. ఎందుకని చూస్తే, నుదుటి మీద ఒక ముద్దు, గట్టి కౌగిలి. ఇలాంటప్పుడు నేను చేసే పరీక్ష మన భాషలోనే ఉంది. ఒక్కరి పేరు మార్చి, ‘పెట్టాడు’ని ‘పెట్టింది’ చేసి అదే పేరా మళ్లీ చదవాలి. జెన్నీ భీమ్ నుదుటి మీద ముద్దు పెట్టింది అంటే ఆ అమ్మాయే ‘టీన్’ (టీనేజి పిల్లలూ చదవొచ్చు) అనేది. ‘డు’కి ఒక రేటింగు, ‘ది’కి ఒక రేటింగు ఉండకూడదు. చివరికి ఈ కథ ‘మెచ్యూర్’లోనే నిలిచింది, అయితే కొరడా పేజీ వల్ల. కారణం మారడం నాకు ముఖ్యం. ఆ పేజీ తగ్గించి రాస్తే రేటింగ్ దిగుతుంది, ముద్దు తీసేస్తే దిగదు.

పేర్ల మధ్య గుర్తు కూడా చూడాలి. రామ్/భీమ్ అంటే జంట; రామ్ & భీమ్ అంటే స్నేహం. రెండూ పెడితే ఎక్కువమంది చూస్తారని కొందరు పెడతారు. స్నేహం కోసం వచ్చినవాళ్లు మోసపోయామనుకుంటారు, జంట కోసం వచ్చినవాళ్లకు నమ్మకం పోతుంది. జంట వద్దనుకునేవాళ్లకు ఫిల్టర్‌లో ఎం/ఎంని తీసేసే వీలుంది. గడిలో సరిగ్గా పెడితేనే అది పనిచేస్తుంది, నోట్‌లో రాసిన హెచ్చరికని ఫిల్టర్ పట్టుకోదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మిగతాది చేత్తో రాసి పంపా.

ఈ కథకు మాత్రమే ఉన్న చిక్కులు కొన్ని. భీమ్ రామ్‌ని ‘అన్నా’ అంటాడు. తెలుగు రానివాళ్లు దాన్ని తోడబుట్టినవాళ్ల వరసగా తీసుకుంటారు. పైన ఒక్క వాక్యం నోట్ చాలు, ఆటో డ్రైవర్‌ని కూడా మనం అన్నా అంటామని. తెలుగువాళ్లకు నోట్ సరిపోదు. వాళ్లకు ఆ పిలుపే అడ్డం పడుతుంది. అందుకని దగ్గరితనం పెరిగేకొద్దీ పిలుపు ఎక్కడ మారుతుందో కథలోనే చూపించమన్నా. తర్వాత సీత. ఆమె ఉండగానే ఇద్దరూ దగ్గరైతే, ఆమెకు తెలిసి జరిగిందా, తెలియకుండానా అన్నది ట్యాగులో ఉండాలి. పాఠకుల్ని నిజంగా నొప్పించేది అది.

ఫ్యాండమ్, అంటే దేని మీద అల్లిన కథో చెప్పే గడిలో సినిమా పేరే ఉండాలి. అల్లూరి, కొమురం భీం చరిత్రలో బతికిన మనుషులు. ఒకరు 1924లో, ఒకరు 1940లో తుపాకీ గుళ్లకు పోయారు. వాళ్లను కొలిచే ఊళ్లున్నాయి. నటుల పేర్లు ట్యాగుల్లోకి అసలు రానివ్వకూడదు. వస్తే అది బతికున్న మనుషుల మీద కథ అయిపోతుంది.

ఇందులో ఒక తెల్ల అధికారి, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 పేరు చెప్పి రామ్‌ని బెదిరిస్తాడు. 1920 నాటి కథ, 1860 శిక్షాస్మృతి, రామ్ పోలీసు, అతికినట్టుంది. హెచ్చరిక కావాల్సింది ఇక్కడ: ‘స్వలింగ ద్వేషం, తిట్లు’. ప్రేమ కాదు, దాని మీద విసిరిన రాయి. ఆ సెక్షన్ పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పేసింది కాబట్టి, ‘చట్టవిరుద్ధం’ లాంటి మాట హెడర్‌లో రాయాల్సిన పనే లేదు.

తర్వాతి కథ ఇప్పటి తిరుపతిలో పెడతానంది, ఇంటర్ హాస్టల్‌లో. డిగ్రీకి మార్చమన్నా. ఇంటర్ పిల్లలంటే 16, 17 ఏళ్లు. వాళ్ల మీద శృంగారం రాస్తే ట్యాగుతో తీరేది కాదు, పిల్లల్ని అశ్లీలంగా చూపడాన్ని నేరం చేసే ఐటీ చట్టం 67బి రాతకు కూడా వర్తిస్తుంది. ఇంట్లోవాళ్లు ‘నయం చేయించడానికి’ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే సీను ఉంటే దానికి తప్పకుండా హెచ్చరిక. వైద్యులు అలా చేయడం వృత్తిపరమైన తప్పని 2022లో జాతీయ వైద్య కమిషనే చెప్పింది. గంగమ్మ జాతరలో హీరో చీర కట్టి మొక్కు తీర్చుకుంటాడట. అది మొక్కు, శృంగార ట్యాగుల్లో కలపొద్దన్నా.

సాయంత్రానికి కరెంటొచ్చింది. హెడర్ ఇట్లా తేలింది:

రేటింగ్: మెచ్యూర్. హెచ్చరిక: తీవ్రమైన హింస. కేటగిరీ: ఎం/ఎం. జంట: రామ్/భీమ్. ట్యాగులు: కొరడా దెబ్బలు, పిల్లాడి కళ్లముందు తండ్రి చావు, స్వలింగ ద్వేషం, సీతకు తెలుసు, చివరికి ఇద్దరూ బతికే ఉంటారు.

ఆ చివరి ట్యాగు తనే పెట్టింది.