చీకట్లో వెలిగే స్లైమ్: మూడు ఆదివారాలు పట్టింది

మొదటి ఆదివారం

స్లైమ్ అంటే పిల్లలు సాగదీసి ఆడుకునే జిగురు ముద్ద. తెల్ల జిగురు అర కప్పు, నీళ్లు అర కప్పు, చీకట్లో ఆకుపచ్చగా వెలిగే పొడి రెండు టీస్పూన్లు. పూర్ణా మార్కెట్లో కొన్న వెలిగారం (బోరాక్స్) ఒక టీస్పూన్, కప్పు గోరువెచ్చటి నీళ్లలో పూర్తిగా కరిగించాను. ఆ నీళ్లన్నీ ఒకేసారి గుమ్మరించడం నా తప్పు. రబ్బరు ముద్దలా బిగిసిపోయింది. జిగురులో పొడవాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి, వెలిగారం వాటిని ఒకదానికొకటి ముడివేస్తుంది. ముడులు ఎక్కువైతే ఇక సాగదు. లైట్లు ఆర్పి చూస్తే వెలుగు కూడా అంతంతమాత్రమే. తెల్ల జిగురు లోపలి పొడిదాకా వెలుతురును సరిగా పోనివ్వదు.

"రేడియం పిల్లల చేతికిస్తున్నావా?" అని మా అత్తయ్య కంగారుపడ్డారు. మనం రేడియం స్టిక్కర్లు అంటాం కాబట్టి ఆవిడ భయం సహజమే. ఒకప్పుడు గడియారం ముళ్లకు నిజంగానే రేడియం రంగు పూసేవారు. ఈ పొడి స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే రసాయనం, అందులో కొద్దిగా యూరోపియం అనే లోహం. దీనిలో రేడియోధార్మికత లేదు. వెలుతురు పీల్చుకుని మెల్లగా వదులుతుంది, అంతే. అయినా పొడి గాల్లోకి లేవకుండా నేనే కలుపుతున్నాను, వెలిగారం నీళ్లూ నేనే. ఆ గిన్నె, చెంచా మళ్లీ వంటకు వాడను. ఆడాక సబ్బుతో చేతులు కడగాల్సిందే, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అసలు ఇవ్వకూడదు.

రెండో ఆదివారం

ఈసారి పారదర్శకమైన జిగురు. పొడి ముందే జిగురులో కలిపి, వెలిగారం నీళ్లు ఒక్కో చెంచా పోస్తూ తిప్పాను. మొదట తీగలు సాగింది, తర్వాత గిన్నె అంచు వదిలి చెంచాకు చుట్టుకుంది. అక్కడ ఆపేసి చేత్తో పిసికితే రెండు నిమిషాల్లో కుదిరింది. వెలిగారం నీళ్లు అర కప్పు కూడా పట్టలేదు. పిల్లలు జానెడు సాగదీసి చూపించారు. మూత తీసి ఉంచితే మా విశాఖ ఉక్కపోతకు మళ్లీ చేతులకు అంటుకుంటోంది, గాలి చొరబడని డబ్బా తప్పనిసరి. గౌనుకు అంటిన ముక్క వెనిగర్‌లో నానబెడితే వదిలింది.

మూడో ఆదివారం

నాకు బాగా నచ్చిన రోజు ఇదే. స్లైమ్‌ను శనివారం రాత్రంతా బీరువాలో చీకట్లో ఉంచి, పొద్దున డాబా మీద సగానికి ఎర్ర గాజు కాగితం, సగానికి నీలం కాగితం కప్పాం. నిమిషం ఎండ చూపించి దుప్పటి కిందికి తెచ్చాం. నీలం వైపు ఆకుపచ్చగా వెలిగింది, ఎర్ర వైపు దాదాపు నల్లగానే ఉంది. "అమ్మా, ఎర్ర కాగితం కింద ఎండ పడలేదా?" అంది పాప. పడింది, కానీ వెలుతురు చిన్న చిన్న రేణువులుగా వస్తుంది, ఎర్ర వెలుతురు రేణువుకు ఈ పొడిని మేల్కొలిపేంత శక్తి లేదు. నీలానికి ఉంది.

తర్వాత రెండు ముద్దలకు ఒకేలా ఎండ చూపించి, ఒకటి జిప్ కవర్లో పెట్టి ఐసు నీళ్లలో ముంచాం. అది మసకబారింది. "పాడైపోయిందత్తా" అని మేనల్లుడు దిగాలుపడ్డాడు. పది నిమిషాల తర్వాత కవర్లోంచి తీసి మా అత్తయ్య అరచేతిలో పెట్టాను. వెచ్చదనం తగిలినచోట వెలుగు పెరిగింది. ఆవిడ మెల్లగా గుప్పిట మూసి తెరిస్తే వేళ్ల గుర్తులు ఆకుపచ్చగా వెలిగాయి. చలికి ఆగిపోయిన వెలుగు వేడి తగలగానే బయటికొచ్చింది. "ఏదీ, ఇంకోసారి" అని ఆవిడే ఐసు గిన్నె దగ్గరికి లాక్కున్నారు.