లోతు కోరుకోగా మిగిలినది

ఆదికాండము పదమూడో అధ్యాయం మనకు ఆస్తి పంపకాలప్పుడే గుర్తుకొస్తుంది, అదీ లోతును తప్పుపట్టడానికి. మందలకు నేల చాలక అబ్రాము, ఆయన సహోదరుని కొడుకు లోతు విడిపోయిన కథ అది. లోతు నీళ్లు పారే వైపును కోరుకున్నాడు. అబ్రాము మాట దగ్గర ఎవరూ ఆగరు. "ఈ దేశమంతయు నీ యెదుట నున్నదిగదా" అన్నవాడు పెద్దవాడు, వాగ్దానం పొందినవాడు. ముందుగా కోరుకునే హక్కు ఆయనది. దాన్ని సహోదరుని కొడుకు చేతిలో పెట్టేశాడు.

ఈ మాట చదివినప్పుడల్లా కెనడా ఉత్తరాన సేవచేసిన ఆంగ్లికన్ బిషప్పు విలియం కార్పెంటర్ బోంపాస్ నా కళ్లముందు నిలుస్తారు. 1865లో ఇంగ్లండు విడిచి బయలుదేరి, క్రిస్మస్ నాటి ఉదయం ఫోర్ట్ సింప్సన్ చేరారు. 1874లో అథబాస్కా డయాసిస్‌కు, అంటే ఒక బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతానికి, తొలి బిషప్పయ్యారు. పదేళ్లకు డయాసిస్ రెండైంది. దక్షిణ భాగాన్ని రిచర్డ్ యంగ్‌కు వదిలి, మెకంజీ నది వెంట ఉన్న మంచుదేశాన్ని తాను ఉంచుకున్నారు. 1891లో మళ్లీ పంపకం. ఈసారి మెకంజీని విలియం రీవ్‌కు అప్పగించి, కొండల అవతల యూకాన్ నదీప్రాంతానికి వెళ్లిపోయారు. ఆ సెల్కిర్క్ డయాసిసే నేటి యూకాన్ డయాసిస్. రెండుసార్లూ పెద్దవాడు ఆయనే. రెండుసార్లూ ఆయనకు దక్కింది మరింత మారుమూల.

వాక్యం మళ్లీ చూడండి. లోతు తనంతట తానే కన్నులెత్తాడు. అబ్రాము ఎత్తలేదు. లోతు వెళ్లిపోయిన తరువాత, పద్నాలుగో వచనంలో, కన్నులెత్తి చూడమని దేవుడే ఆయనకు చెప్పాడు. అంతవరకు అబ్రాము ఆ నేలను బేరం చూపుతో చూసినట్టు ఒక్క మాటా లేదు. ఈ తేడా ఎన్ని ఏళ్లు చదివినా నాకు పాతబడదు.

నాన్నగారు పోయాక పొలం పంచుకున్నప్పుడు కాలువ కింది చెక్కను నేనే ముందు అడిగాను. తమ్ముడు మారుమాట లేకుండా మెట్ట తీసుకున్నాడు. తరువాతి ఆదివారం గుడిలో పాఠం చదవడం నా వంతు. వచ్చింది ఈ అధ్యాయమే. "నీళ్లు పారు దేశమైయుండెను" అన్నచోట నా గొంతు పెగలలేదు. మూడో వరుసలో తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు.

బోంపాస్ తన బాధ్యతను తరువాతి బిషప్పు ఐజాక్ స్ట్రింగర్‌కు అప్పగించాక కూడా ఇంగ్లండు వెళ్లలేదు. 1906 జూన్‌లో, యూకాన్‌లోని కార్‌క్రాస్‌లో, ఒక పెట్టె మీద కూర్చుని ప్రసంగం రాసుకుంటున్న సాయంత్రమే ప్రభువు ఆయనను పిలుచుకున్నాడు. అక్కడే సమాధి చేశారు.

అయ్యగార్లారా, కమిటీ పెద్దలారా! బదిలీల కాలం వస్తే టౌను గుడి కోసం ఎందుకింత పోరాటం? ఎవరి సిఫారసు కోసం ఈ తిరుగుళ్లు? నెలకొకసారైనా ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) అందని పల్లె సంఘాలు ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు. గంట కొట్టడానికి ఒక ముసలమ్మ తప్ప ఎవరూ లేని గుళ్లున్నాయి. ఈసారి దరఖాస్తులో అలాంటి గుడి పేరు మొదట రాయండి. రాసి, మోకరించండి. కన్నులెత్తమని ఆయన చెప్పేదాకా ఎత్తకండి.