పసుపు వేడుక ఫోటోలకు పెళ్లికూతురిగా కూర్చున్న నా అనుభవం

హైదరాబాద్‌లో పెళ్లికూతుళ్ల అలంకరణ చేసే ఒక మేకప్ స్టూడియో వారు ముహూర్తాలు మొదలయ్యేలోపు తమ హల్దీ అలంకరణను ప్రచారం చేసుకోవాలని నన్ను మోడల్‌గా పిలిచారు. ఫోటోలు చేతికి వచ్చాయి, కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఎంపిక, కొలతలు, జాకెట్టు కుట్టించడం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. పారితోషికం దగ్గర మాత్రం "ఫోటోలు మీకే ఇస్తాం కదా" అని మాట దాటవేయబోయారు. ఫోటోలతో ఇంటి అద్దె కట్టలేనని చెప్పి, ఇవ్వవలసిన మొత్తాన్ని వాట్సాప్‌లో రాయించుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు అన్నింట్లో మొహమాటపడినా ఇందులో మాత్రం మొహమాటపడకూడదు.

పసుపు విషయంలోనూ నేను పట్టుబట్టాను. బజారు పసుపులో మెటానిల్ యెల్లో, లెడ్ క్రోమేట్ వంటి రంగులు కలిపే మోసాలు ఉన్నాయి కాబట్టి, దుగ్గిరాల కొమ్ములను దంచి జల్లించిన మా ఇంటి పసుపునే తెచ్చాను. అయినా ముందు రోజు రాత్రి మోచేతి మడతలో కొంచెం రాసుకుని, దద్దురు రాలేదని చూసుకున్నాకే బయలుదేరాను. తీరా వెళ్లాక, చీర అద్దెదని, మరక పడితే తమ మెడకు చుట్టుకుంటుందని, శనగపిండిలో మిఠాయి రంగు కలిపి వాడదామన్నారు. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుందే గానీ పోదు, ఎండలో ఆరేస్తే మెల్లగా వెలిసిపోతుంది. ఇది మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే. ఒళ్లో పాత పంచె పరిచి, నా పసుపే వాడేలా ఒప్పించాను.

ఇదంతా ఒక ఎత్తు, మేకప్ కుర్చీ ఒక ఎత్తు. నాది చామనఛాయ. నేను పంపినవి ఎడిటింగ్ లేని ఫోటోలే కాబట్టి ఆ సంగతి వారికి ముందే తెలుసు. అయినా మేకప్ వేసే మేడమ్ నా గడ్డం పట్టుకుని, ముఖాన్ని లైటు వైపు తిప్పి, నాతో కాకుండా పక్కనున్న అసిస్టెంటుతో "రెండు షేడ్లు పైకి వెళ్దాం, పసుపు చీరలో ఈ రంగు తేలిపోతుంది" అన్నారు. తర్వాత నా వైపు చూసి "పెళ్లికూతురంటే కళ ఉండాలి కదమ్మా" అని నవ్వారు. గదిలో చీరలు తెచ్చిన అతను, పూల జడ తెచ్చిన ఆవిడ, కెమెరా వాళ్లు అందరూ ఉన్నారు.

నా చర్మంలో పసుపు ఛాయ ఎక్కువ. వారు వేసిన ఫౌండేషన్ రెండు షేడ్లు లేతగా ఉండడమే కాక గులాబీ ఛాయది. అది ఆరేసరికి ముఖం విభూతి పూసినట్టు బూడిద రంగుకు తిరిగింది. మెడ కలవలేదని మెడకు రాశారు. భుజాలు కలవలేదని భుజాలకు రాశారు. చేతులకు రాయబోతే గోరింటాకు అడ్డం వచ్చింది. పైన చల్లిన తెల్ల పౌడరు ఫ్లాష్ వెలుగును తిప్పికొట్టడంతో మొదటి ఫోటోలో ముఖం సున్నం కొట్టిన గోడ అయింది. కెమెరా అబ్బాయి తెర వైపు చూస్తూ "ముఖం ఒకరిది, చేతులు ఇంకొకరివి" అన్నాడు. అందరూ నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వకుండా, చేతులను పూలతో కప్పేయవచ్చని, మిగిలింది ఎడిటింగ్‌లో చూసుకోవచ్చని తేల్చేశారు.

అదంతా తుడిచేసి మళ్లీ వేయమన్నాను. "ఇలా పెడితే మాకు బుకింగులు ఎవరిస్తారమ్మా?" అన్నారు. మీ దగ్గరికి వచ్చే పెళ్లికూతుళ్లలో నా రంగువాళ్లు లేరా, వాళ్లకు కూడా ఇదే చేస్తున్నారా అని అడిగితే జవాబు లేదు. మన ఇళ్లలో రోకలికి పసుపు పూసి, తోరం కట్టి, ముత్తైదువలు కొమ్ములు దంచి, నూనె అంటి నలుగు పెట్టి మంగళస్నానం చేయించేటప్పుడు పెళ్లికూతురి ముఖాన మేకప్ అనేదే ఉండదు. రంగు తేలుతావే అంటూ నలుగు పెట్టే పెద్దవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ వాళ్లు పెట్టేది మన ముఖానికే, దాని మీద అతికించిన మరో ముఖానికి కాదు.

చివరకు మేడమ్ ఫోన్ పట్టుకుని బయటకు వెళ్లినప్పుడు ఆ అసిస్టెంటు అమ్మాయే అంతా తుడిచి, రెండు షేడ్లు కలిపి, నా దవడ మీద గీత గీసి, "అక్కా, ఒకసారి కిటికీ దగ్గరికి రండి, పగటి వెలుతురులో చూద్దాం" అంది. గీత కనిపించలేదు. అదే సరైన షేడ్. పలచగా వేసి, కాటుక దిద్ది, బుగ్గన చుక్క పెట్టింది. ఆ తర్వాత కెమెరా అబ్బాయి కూడా దారికి వచ్చాడు: పసుపు చీర వెలుగు గడ్డం కిందకు కొడుతోందని గమనించి, ఒక పక్క తెల్లటి థర్మాకోల్ నిలబెట్టి, కెమెరా తనంతట తానే రంగులు సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేసి, రంగును చేత్తో సరిచేశాడు. ఈలోగా వడ్డాణంలోని మల్లెమొగ్గలు విచ్చుకున్నాయి. గుడిమల్కాపూర్ మార్కెట్ పూలు కదా, అవే అందంగా ఉన్నాయి.

మోడల్‌గా కూర్చునేవారు పసుపు పూయకముందే దగ్గరి ఫోటోలన్నీ తీయించుకోవాలి. ఫౌండేషన్ మీద పసుపు ముద్ద పడితే రెండూ కలిసి పెళ్లలుగా లేస్తాయి, మళ్లీ సరిచేయడం అసాధ్యం. ముందు పాదాలకు, తర్వాత చేతులకు, అన్నిటికన్నా చివర చెంపలకు పూయించుకున్నాను. రోకలి ఇచ్చి నవ్వమంటే, నవ్వడమే కాక నిజంగానే రెండు పోట్లు వేసి చూపించాను. ఆ ఫోటోయే అన్నింటిలోకీ బాగా వచ్చింది.

డబ్బు రాసుకున్నట్టే పూర్తిగా వచ్చింది. స్టూడియో వారు తమ పేజీలో పెట్టిన రెండు ఫోటోల్లో నా ముఖాన్ని మళ్లీ తెల్లబరిచారు. వాటికి నా పేరు జోడించవద్దని చెప్పి, పేరు తీయించాను. ఇప్పుడు రిసెప్షన్ అలంకరణకు రమ్మంటున్నారు. మేకప్ ఆ అసిస్టెంటు అమ్మాయే చేయాలని, షేడ్ పగటి వెలుతురులో నాకు చూపించాకే వేయాలని రాసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.