28 మిల్లీమీటర్ల సిపాయి

పద్మనాభం కొండ మెట్లెక్కి అనంత పద్మనాభస్వామిని చూసొచ్చేవాళ్ళు మా విశాఖలో బోలెడుమంది. 1794 జూలై 10న అక్కడే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడన్న సంగతి మాత్రం అంతమందికి గుర్తుండదు. ఆ యుద్ధాన్ని ఒక బల్ల మీద బొమ్మలతో నిలబెట్టాలని నాకు చాలా కాలంగా కోరిక. బల్లకీ చరిత్రకీ లోటు లేదు. రంగులు వెయ్యడమే చేతకాలేదు.

పద్మనాభం యుద్ధానికంటూ తయారైన బొమ్మల సెట్ నాకెక్కడా కనబడలేదు. 1792లో ముగిసిన మూడో మైసూరు యుద్ధం నాటి మద్రాసు సిపాయిలు దొరికారు. కంపెనీ తరఫున ఇక్కడికి వచ్చిందీ మద్రాసు సైన్యమే కాబట్టి వాళ్ళు సరిపోతారు. ఎర్ర కోటు, ఛాతీ మీద అడ్డంగా రెండు తెల్ల బెల్టులు, పొట్టి తెల్ల లాగు, కింద వట్టి కాళ్ళు. లోహంతో పోత పోసిన 28 మిల్లీమీటర్ల బొమ్మలు. లండన్‌లో ఉండే మా బావగారు సెలవులకొస్తూ పట్టుకొచ్చారు. రాజుగారి బంట్లకు వాడినవి పంచె, తలపాగా ఉన్న మామూలు బొమ్మలే, అక్కడ ఊహ కాస్త ఎక్కువ.

కంచరపాలెంలో మా సందు చివర ఒకప్పుడు షాపుల బోర్డులు రాసిన మాస్టారు ఉంటారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఒక సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని కాసేపు చూసి, "ఏం బాబూ, గోడకి సున్నం కొడతన్నావేటి?" అన్నారు. కుంచె ఆయనే తీసుకున్నారు. కొనను మాత్రమే రంగులో ముంచి, పాత గుడ్డ మీద మెల్లగా తిప్పుతూ తుడిచి, ఎడమ బొటనవేలి గోరు మీద ఒక గీత గీశారు. గీత అంచులు పాకితే నీళ్ళు ఎక్కువయ్యాయి, మధ్యలో తెగితే రంగు చిక్కగా ఉంది. రెండూ కాకపోతేనే కుంచె బొమ్మ మీదికి పోవాలి. అక్రిలిక్ రంగుల గురించి నేను చూసిన వీడియోలన్నీ కలిపినా ఈ గోరు పరీక్ష అంత పని చెయ్యలేదు. పల్చటి పూత ఒకటి ఆరాక ఇంకొకటి, అలా రెండు మూడు పడితే బొమ్మ మీది మడతలు, గుండీలు పూడిపోకుండా ఉంటాయి.

ఇంకో మాట కూడా ఆయనదే. సన్నటి పనికి సన్నటి బ్రష్ కావాలని మూడు సున్నాల నంబరు కొనేస్తాం. దాంట్లో పట్టే రంగు చుక్క బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది, మా ఊళ్ళో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం కదా. కొన చక్కగా కూడే ఒకటో నంబరు బ్రష్‌తో కళ్ళ దగ్గర కూడా పని అయిపోతుంది.

ఆరడం అంటే గుర్తొచ్చింది, ప్లేటులో వేసుకున్న రంగు కూడా ఫ్యాన్ గాలికి గడ్డ కట్టేస్తుంది. దానికి తడి పాలెట్, అంటే రంగు ఆరకుండా ఉంచే పళ్ళెం, చేసుకున్నాను: మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడిపిన స్పాంజి, దాని మీద కాగితం. బజార్లో బటర్ పేపర్ అని చెప్పి ఒక్కోసారి మైనం పూసిన కాగితం ఇస్తారు, అది నీటిని పైకి రానివ్వదు. కేకుల సామాన్లమ్మే షాపులో బేకింగ్ పేపర్ అనడిగితే సరైనది దొరుకుతుంది. డబ్బా మూసి వదిలేస్తే మన ఉక్కకు బూజు పడుతుంది, స్పాంజిని తరచూ కడగాలి.

ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పూత, దాని దగ్గర కూడా సముద్రంతో పేచీయే. గాలిలో తేమ బాగా ఉన్న రోజు స్ప్రే కొడితే పొర గరుకుగా దిగుతుంది. వానాకాలమంతా నేను బ్రష్‌తో వేసే బూడిద రంగు ప్రైమర్ వాడాను. ప్రైమర్‌కు ముందు సబ్బునీళ్ళతో కడగడం, అచ్చు గీతలు ఆకురాయితో రాయడం అందరూ చెప్పేదే.

నాకు బాగా టైం పట్టింది చర్మం రంగు. ముఖం, చేతులు, కాళ్ళు కలిపితే మద్రాసు సిపాయి ఒంటి మీద కనబడే చర్మం చాలానే. డబ్బాల మీద "చర్మం" అని రాసి అమ్మే రంగులు ఎక్కువగా తెల్లదొరలకే పనికొస్తాయి, మనం మనవాళ్ళకు సొంతంగా కలుపుకోవాల్సిందే. బర్న్‌ట్ సియెనా అనే ఎర్రగోధుమలో కొంచెం యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు వేస్తే మూల రంగు వస్తుంది. పల్లాల్లోకి ముదురు ఎర్రగోధుమ వాష్, అంటే నీళ్ళలా పల్చటి రంగు, దిగుతుంది. ముక్కు, చెంపలు, మోకాలి చిప్పలు తేలాలంటే మళ్ళీ ఓకర్ కలపాలి. అక్కడ తెలుపు కలిపితే ఒంటికి బూడిద రాసుకున్నట్టు పాలిపోతుంది. ఎండలో పనిచేసే మనవాళ్ళ చెంపల మీద మెరిసేది పసుపు, నారింజ ఛాయే, కావాలంటే హార్బర్‌లో పొద్దున్నే చేపల వేలం దగ్గర నిలబడి చూడండి. నేను అక్కడే చూసి నేర్చుకున్నాను, మధ్యలో రెండు కిలోల వంజరం కూడా కొన్నాననుకోండి.

ఎర్ర కోటుదీ దాదాపు ఇదే లెక్క. తెలుపు కలిపితే గులాబీ రంగైపోతుంది కాబట్టి వెలుగుకు నారింజ, నీడకు ముదురు గోధుమ. ఎరుపు పల్చగా పరుచుకునే రంగు, అడుగున గోధుమ పూత ఉంటే త్వరగా నిండుతుంది.

బెల్టులు మాత్రం ఊపిరి బిగబట్టి చేసే పని. ముందు బెల్టు వెడల్పు కంటే కాస్త ఎక్కువగా ముదురు గోధుమ గీత గీస్తాను. అది ఆరాక దాని లోపల, రెండు పక్కలా వెంట్రుక వాసి గోధుమ మిగిలేలా, లేత బూడిద గీత. చివరగా భుజం దగ్గరా ఛాతీ ఎత్తు మీదా మాత్రమే అసలు తెలుపు. రెండు మోచేతులూ బల్ల మీద, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, బొమ్మను అంటించిన మందుసీసాను ఎడమ చేత్తో తిప్పాలి, కుంచెను కాదు. గీత పక్కకు పోతే కోటు ఎరుపుతో దిద్దుకోవచ్చు, టెన్షన్ అక్కర్లేదు.

ఇంత సన్నగా దిద్దినవన్నీ బల్ల మీద వరసగా నిలబెట్టి మూడడుగుల దూరం నుంచి చూస్తే ఏముంటుంది? ముఖం నాలుగు మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. కనుపాపలు కనబడవు, కనుగుంట నీడ కనబడుతుంది. గుండీ మెరుపు కంటే కోటు భుజానికీ చంకకీ మధ్య తేడా ముందు కంటికి ఆనుతుంది. ఇంత చిన్న వస్తువు మీద గదిలో వెలుతురు తనంతట తాను నీడలు చూపించలేదు, వాటిని మనమే ఎక్కువ చేసి వెయ్యాలి. చేతిలో పట్టుకున్నప్పుడు మొరటుగా ఉందనిపించే స్థాయికి వెళ్తేనే దూరానికి సరిగ్గా ఉంటుంది. దీనికి నేను పెట్టుకున్న పరీక్ష ఇది: టేబుల్ లైటు ఒక్కటే పైనుంచి వేసి, ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీస్తాను. ఫోటో అంతా ఒకే బూడిదగా వస్తే బొమ్మ ఇంకా పూర్తి కాలేదన్నమాట. ఇది మొదలుపెట్టాక కళ్ళు వెయ్యడం మానేశాను, కనుబొమల కింద ముదురు గీత ఒకటి చాలు. మా అమ్మాయికి నచ్చలేదు. "గుడ్డి సైన్యం నాన్నా ఇది" అంటుంది. దాని కోసం సుబేదారుకు ఒక్కడికి కళ్ళు పెట్టాను.

ఇప్పుడు కంపెనీ వైపు వరసలు నిండాయి. రాజుగారి వైపు తెల్ల పంచెలు సాగుతున్నాయి, తెలుపు మీద నీడ వెయ్యడం ఎరుపు కంటే కష్టం, లేత గోధుమ కలిపిన బూడిదతో నెట్టుకొస్తున్నాను. రంగు మీద చివరగా వేసే మెరుపు లేని పూత, మాట్ వార్నిష్ స్ప్రే మాత్రం డిసెంబరు దాకా కొట్టను. తేమలో కొడితే తెల్లగా పొగ పట్టినట్టవుతుంది. అప్పటిదాకా అన్నీ అద్దాల బీరువాలో ఉంటాయి, తాళం చెవి మా ఆవిడ దగ్గరుంది.