జీపు హౌజింగ్, సుద్దముక్క, మా పాత ట్రాక్టరు

పోయిన వానాకాలం నాట్ల ముందు మా ట్రాక్టరు కరిగెట్లో దిగబడింది. ఇబ్రహీంపట్నం అవతల చెరువు కింద పొలం మాది, అడుగు నేల ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది కాబట్టి దిగబడటం కొత్తేమీ కాదు. కానీ ఈసారి ఇరుసు దాకా కూరుకుపోయింది, పక్క పొలం ఆయన తన ఫోర్ వీల్ డ్రైవ్ బండి తెచ్చి గొలుసు వేసి లాగేసరికి పొద్దు గుంకింది. ఆయన ఏమీ అనలేదు, నవ్వాడంతే. ఆ నవ్వు ఎల్బీ నగర్ చేరేదాకా నా వెంటే వచ్చింది.

మాది ఇరవై ఏళ్లు దాటిన టూ వీల్ డ్రైవ్ బండి. ఇప్పటికీ చలికాలం పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. అమ్మేద్దామంటే నాయిన ఒప్పుకోడు, కొత్తది కొనేంత డబ్బు నా దగ్గర లేదు. మరి దీనికే ముందు చక్రాలు కూడా లాగేలా చేయిస్తే? ఆదివారం వనస్థలిపురం ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ చాచా దగ్గరికి పోయాను. ఆయన టీ తాగుతూనే తేల్చేశాడు. "ఇందులో ఏముంది బేటా, పాత జీపుది ముందు హౌజింగ్, అదే లోపల గేర్లుండే ఇరుసు, తెచ్చి కింద కడదాం, ఒక జాయింట్ షాఫ్ట్ లాగుదాం. వారం పని."

వారం పని అనగానే తెగ సంబరపడ్డాను. ఇంటికొచ్చి కాగితం మీద గీయడం మొదలుపెట్టాక మాత్రం లెక్క దగ్గర ఆగిపోయాను.

వెనక టైరు పెద్దది, ముందుది చిన్నది. బండి ఒక్కటే కాబట్టి రెండూ ఒకే దూరం పోవాలి, అంటే చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి. ఎన్ని ఎక్కువ? కంటిచూపుతో చెప్పే సంగతి కాదిది. మా వెనక టైరు (13.6-28) మీద సుద్దముక్కతో గీత గీసి, గట్టి నేల మీద పది చుట్లు నడిపి టేపు పెడితే 39 మీటర్లు వచ్చింది. ముందుకు వేయాల్సిన 8-18 టైరు మా దగ్గర లేదు, ఆ నవ్విన ఆయన్నే బతిమాలి ఆయన బండికి కొలిచాను, పది చుట్లకు 28 మీటర్లు. 39ని 28తో భాగిస్తే 1.39. వెనక చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు ముందుది 1.39 చుట్లు తిరగాలన్నమాట.

అక్కడితో అయిపోతే బాగుండేది. ముందు చక్రాలు సరిగ్గా సమానంగా తిరిగినా చాలదు, నూటికి 1 నుంచి 5 వంతుల దాకా కాస్త ఎక్కువ తిరగాలి. దీన్ని లీడ్ అంటారు. అది లేకపోతే వెనక చక్రాలు తోస్తుంటే ముందువి బ్రేకు పట్టినట్టు మట్టిని నెట్టుకుంటూ పోతాయి. మరీ ఎక్కువైతే నేలను గీరుతూ టైర్లు అరిగిపోతాయి, గేర్ల మీద ఊరికే బరువు పడుతుంది. నేను 3 శాతం అనుకున్నాను, అప్పుడు 1.39 కాస్తా 1.43 అవుతుంది. ఈ మూడు శాతం ఎంత సన్నటిదంటే, ముందు టైరు ఒక్క సెంటీమీటరు అరిగినా చుట్టుకు 6 సెంటీమీటర్లు తగ్గి, ఆ మూడులో రెండు పైనే మాయమైపోతుంది. అందుకే ఫోర్ వీల్ బండికి ముందు టైర్లు మార్చేటప్పుడు దొరికిన సైజు వేయకూడదు. మా దగ్గర వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి.

ఇక పవర్ ఎక్కడి నుంచి తీయాలన్నది. చాచా ముందు పీటీఓ నుంచి అన్నాడు, అంటే వెనక తగిలించే పనిముట్లను తిప్పే షాఫ్ట్. మా బండి పీటీఓ ఇంజన్‌ని బట్టి తిరుగుతుంది, మనం ఏ గేరులో ఉన్నామో దానికి పట్టదు. మొదటి గేరులో వెనక చక్రాలు పాకుతుంటే ముందువి ఉరుకుతాయి! కాబట్టి గేర్లన్నీ దాటాక, వెనక ఇరుసులోని క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పే పినియన్ షాఫ్ట్ నుంచే తీయాలి, అంటే బండిని నడిమికి విడదీయాలి. మా బండిలో పినియన్ షాఫ్ట్ దాదాపు 20 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒకటి తిరుగుతుంది. అదే 20 చుట్లకు ముందు చక్రం 1.43 తిరగాలంటే 14 చుట్లకు ఒకటిగా తగ్గించాలి. పాత విల్లీస్ జీపు హౌజింగ్ తగ్గించేది 5.38కి ఒకటి. మిగతా 2.6 మధ్యలో పెట్టే గేరుపెట్టె చూసుకోవాలి. అది లేకుండా నేరుగా కట్టేస్తే ముందు చక్రాలు కావాల్సిన దానికంటే రెండున్నర రెట్లు వేగంగా తిరుగుతాయి. ఆ పెట్టెలో ఒక జత గేర్లు వేస్తే తిరిగే దిక్కు కూడా మారుతుంది, చూసుకోకపోతే ముందు చక్రాలు వెనక్కి నడుస్తాయి. ఇదంతా చెప్తే చాచా గ్లాసు కింద పెట్టి, "ఇంత లెక్క ఎవడు చేస్తాడు బేటా" అన్నాడు.

లెక్క కుదిరినా జీపు హౌజింగ్ అంటే నాకు భయమే. కంపెనీ ఫోర్ వీల్ ట్రాక్టర్లలో ఆఖరి తగ్గింపు చక్రం దగ్గరే ఉంటుంది, అందుకే లోపలి షాఫ్ట్ వేగంగా, తక్కువ మెలితో, అంటే తక్కువ తిప్పుడు బలంతో, తిరుగుతుంది. జీపుకు అది లేదు, చక్రం దగ్గరి మెలి మొత్తం షాఫ్టే మోయాలి. నాగలి దించి బురదలో లాగితే అది తెగే రోజు ఎంతో దూరం ఉండదు.

చాచా ఆలోచన మరీ తీసిపారేయాల్సిందేమీ కాదు, అది ఒప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో రోడ్‌లెస్ అనే కంపెనీ 1956లో ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్లను ఫోర్ వీల్‌గా మార్చి అమ్మినప్పుడు, వాడింది యుద్ధం తర్వాత మిగిలిన సైన్యం జీఎంసీ లారీల ముందు ఇరుసులనే. కాకపోతే అవి లారీవి, పైగా గేర్‌బాక్స్‌కీ వెనక భాగానికీ మధ్యలో పెట్టె కూడా పెట్టారు. అక్కడే ఇంకో రైతు రెండు ట్రాక్టర్ల ముందు చక్రాలు తీసేసి ఒకదాని వెనక ఒకటి తగిలించి నడిపాడు, డో అనే డీలర్ దాన్ని తయారుచేసి అమ్మాడు కూడా. ఇది నాయినకు చెప్పకుండా ఉండాల్సింది. "మనకు రెండోదేది?" అన్నాడు.

స్టీరింగ్ సంగతి వేరే. ముందు బరువు పెరిగితే మా బండి మామూలు స్టీరింగ్ చేతులతో తిప్పలేం, పవర్ స్టీరింగ్ వేయించాల్సిందే. ఆపైన కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019లో అదే గట్టిగా చెప్పింది. ఆర్‌టీఏలో అడగకుండా మొదలుపెట్టేది లేదు.

ఈలోగా చెల్కలో దుక్కికి పట్టు రావాలని వెనక టైర్లలో నీళ్లు నింపాం, ఒక్కోదానికి ఇంచుమించు డ్రమ్ము నీళ్లు పట్టాయి. కరిగెట్లోకి దించే ముందు అవి తీసేయాలి, బరువుతో ఇంకా దిగబడుతుంది, అక్కడికి బురదలో వాడే ఇనప కేజ్ వీల్సే. నాయిన మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట, "రెండు దిగబడే కాడ నాలుగు దిగబడతయి, గంతే."

మొన్న చాచా ఫోన్ చేశాడు. మా కంపెనీదే ఒక ఫోర్ వీల్ బండి తుక్కుకు వచ్చిందట, ముందు ఇరుసు, మధ్య పెట్టె రెండూ బాగున్నాయట. విప్పి గేర్ల పళ్లు లెక్కపెట్టి చెప్పమన్నాను. రెండుసార్లు లెక్కపెట్టాడు, రెండుసార్లూ వేరే సంఖ్య వచ్చింది. ఆదివారం నేనే సుద్దముక్క పట్టుకుని పోతున్నా.