జాజు ఎరుపా, గంధం రంగా?

మా హాలు రంగు విషయంలో చివరికి రెండే మిగిలాయి: జాజు ఎరుపు, గంధం రంగు. అరుగులకీ గోడల అడుగు పట్టీలకీ జాజు పూయడం చూస్తూ పెరిగినదాన్ని, నా మనసు మొదటి నుంచీ ఎరుపు మీదే. నిజానికి రెండూ దగ్గరి చుట్టాలే. జాజు అనే ఎర్రమట్టిలోనైనా, గంధం ఛాయనిచ్చే పసుపు మట్టిలోనైనా రంగునిచ్చేది ఇనుమే. పసుపు మట్టిని బాగా కాలిస్తే దాన్ని పట్టుకున్న నీరు పోయి ఎరుపెక్కుతుంది.

"కార్డు చూసి డబ్బా కొనకు అక్కా, గోడ మీద ఇంకింత ముదురుగ కనిపిస్తది" అన్నాడు మా పెయింటర్. సరేనని చిన్న డబ్బాలు తెప్పించి, కిటికీ పక్క గోడ మీదా ఎదురు గోడ మీదా రెండు రంగులూ రెండడుగుల చదరాలుగా వేయించాను. ప్రైమర్ కొట్టాకే, రెండేసి కోట్లు. పాత నీలం మీద నేరుగా వేస్తే అసలు రంగు తెలియదు.

మా కిటికీ ఉత్తరం వైపు. ఎండ నేరుగా రాదు, పైగా బయట వేపచెట్టు. పొద్దున కిటికీ దగ్గర ఎరుపు ఎంత బాగుందో! ఎదురు గోడ మీద మాత్రం మట్టి గోధుమలోకి దిగిపోయింది. రంగు వెలుతురుని ఎంత తిప్పి పంపుతుందో చెప్పే ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఉంటుంది, నలుపుకి 0, తెలుపుకి 100 లెక్కన. నేను ఎంచుకున్న ఎరుపుకి అది 19, గంధానికి 54. మా ఇరుకు హాల్లో ఎరుపు వేస్తే మధ్యాహ్నమే లైటు వేసుకోవాలి.

గంధానికీ ఒక పేచీ ఉంది. రాత్రి 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు కింద ఆకుపచ్చ ఛాయ తేలి పాలిపోయింది. చూసి దిగులేసింది. పసుపు వెలుగునిచ్చే 3000 కెల్విన్ బల్బు పెట్టి చూస్తే అదే చదరం కాచిన నెయ్యి రంగుకొచ్చింది. గోడకి రంగు ఎంచుకునేటప్పుడే బల్బు కూడా ఎంచుకోవాలని నేను అందరికీ గట్టిగా చెప్తాను.

హాలుకి గంధమే ఖాయం చేశాం. జాజుని మాత్రం వదులుకోలేను, పడమటి ఎండ పడే భోజనాల గదిలో ఒక గోడకి వేయిస్తున్నా. అక్కడ మెరుపు లేని మ్యాట్ ఫినిష్ వద్దన్నాను. ముదురు మ్యాట్ గోడకి కుర్చీ వీపు రాసుకుంటే గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, కాస్త మెరుపుతో, తుడవడానికి వీలుండే శాటిన్ ఫినిష్ నయం. సీలింగ్‌కి కూడా పాల తెలుపు కాకుండా కాస్త క్రీమ్ కలిసిన తెలుపు చెప్పాను, లేకపోతే దాని పక్కన గంధం మాసినట్టు కనిపిస్తుంది.