తొమ్మిది వేల సార్లు

భూదాన్ పోచంపల్లిలో బస్సు దిగేసరికి ఉదయం పది దాటింది. 1951లో వినోబా భావే భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చిన ఊరు ఇది. నేను మాత్రం చీరల కోసం వెళ్ళాను. సరిగ్గా చెప్పాలంటే, చీర కాకముందు నూలు పడే పాట్లు చూడాలని వెళ్ళాను.

ఒక నేతన్న ఇంట్లో వసారాలో కూర్చోబెట్టారు. ఇక్కడ గుడ్డ మీద బొమ్మ అద్దరు. నేయకముందే పోగులను కట్టలు చేసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరుతో బిగించి, రంగులో ముంచుతారు. ఎండాక విప్పి, మరో చోట కట్టి, మళ్ళీ ముంచుతారు. ఆ పోగులు మగ్గం మీద తమ చోటికి చేరినప్పుడే చిలుక తేలుతుంది, ఏనుగు తేలుతుంది. అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అది లోపం కాదు, ఇలా కట్టి రంగులద్దే చిటికి పనికి ఆనవాలు.

రబ్బరు కట్టడానికి ముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చట్రానికి చుట్టాలి. గోడకు వేలాడుతున్న పాత ఆసును ఆ ఇంటి పెద్దావిడ కిందికి దించారు. ఒక వైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. పోగును అటూ ఇటూ తిప్పుతూ వాటికి వేయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి.

"పోసి చూడు బిడ్డా" అన్నారామె. నూరు లెక్కపెట్టేసరికి నా భుజం పట్టేసింది. ఆమె రోజుకు రెండు చీరలకు పోసేవారట.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఈ నొప్పిని చూసి, చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చేనేతలో యంత్రమేమిటని కొందరంటారు. నేను ఒప్పుకోను. గీయడం, కట్టడం, ముంచడం, నేయడం అన్నీ ఇంకా చేతులే చేస్తున్నాయి. పోయింది నొప్పి ఒక్కటే. పోచంపల్లి నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు, ఊరికి 2021లో ప్రపంచ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గౌరవం దక్కాయని గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వంలో లక్ష్మమ్మ భుజానికీ, కొడుకు యంత్రానికీ వాటా ఉంది.

పాత ఆసును ఇంకా ఎందుకు దాచారని అడిగాను.

"మనవరాలికి చూపించాలి కదా, లేకపోతే నమ్మదు" అంటూ పెద్దావిడ మేకులను కొంగుతో తుడిచి, దాన్ని మళ్ళీ గోడకు తగిలించి, యంత్రం స్విచ్ వేశారు.